తుపాకీ గొట్టంలో జరీ పోగు

మొన్న శుక్రవారం జుమా నమాజు చదివి ఇంటికి వచ్చి, అన్నం వడ్డించేలోగా పేపరు తిరగేస్తుంటే, లోపలి పేజీలో అడుగున ఒక చిన్న ప్రకటన కనిపించింది. ఎన్నికలు దగ్గర పడుతున్నాయి కాబట్టి లైసెన్సు తుపాకులు ఉన్నవాళ్ళంతా గడువులోగా వాటిని జమ చేసి రసీదు తీసుకోవాలని దాని సారాంశం. మా ఇంట్లో తుపాకీ లేదు, ఎన్నడూ లేదు, అయినా ఆ నాలుగు వరుసల్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మూడోసారి కూడా చదివాను. కూర చల్లారిపోతోందని మా ఆవిడ రెండుసార్లు పిలిచిందట, నాకు వినపడలేదు. ముప్పై ఏళ్ళు దాటిపోయినా ఆ మాటలు చదవగానే ముక్కుకు తగిలింది మెషిన్ ఆయిల్ వాసన, దాంతోపాటు ఉతికి ఉతికి మెత్తబడిన పాత బనీను గుడ్డ వాసన. ఆ రెండు వాసనలూ కలిసేది మా మామూ దుకాణంలోనే.

మామూ అంటే మా అమ్మ తమ్ముడు. బెజవాడ వన్ టౌన్‌లో, కాలువకు రెండు వీధుల అవతల, ముందు గదిలో గాజు బీరువా, వెనక గదిలో పనిబల్ల ఉన్న ఇరుకు దుకాణం ఆయనది. లైసెన్సు ఉన్నవాళ్ళకు తూటాలు అమ్మడం, పాడైన తుపాకులు బాగు చేయడం, ఎన్నికలప్పుడు జనం జమ చేసే తుపాకుల్ని రసీదు రాసి భద్రపరచడం ఆ దుకాణం పని. మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఎన్నికలు వస్తున్నాయంటే గోడల మీద రాతలకంటే ముందు ఈ జమ హడావిడే మొదలయ్యేది. కొందరు ఠాణాలో ఇచ్చేవాళ్ళు, కొందరు మాలాంటి దుకాణాల్లో పెట్టేవాళ్ళు. కృష్ణ ఒడ్డున గాలిలో తడి ఎక్కువ, ఇనుముకు పది రోజులు చాలు తుప్పు పట్టడానికి. అన్ని వందల తుపాకుల్ని ఒక్కొక్కటిగా తుడిచే తీరిక ఠాణాలో ఎవరికి ఉంటుంది? అందుకే చుట్టుపక్కల రైతులు చాలామంది పాత దుప్పటిలో చుట్టి, పసిపిల్లను ఎత్తుకొచ్చినట్టు ఎత్తుకొచ్చి మామూ చేతిలో పెట్టేవాళ్ళు.

నేను ఆ దుకాణంలో చేరినప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. అంతకుముందు ఏడేళ్ళు మదర్సాలో చదివాను. గ్రంథం సగానికి పైగా కంఠస్థమైంది. ఇంకో మూడేళ్ళు ఉంటే ఏ ఊళ్ళోనో ఇమాముగా నిలబడేవాణ్ణేమో గానీ, నాన్న పోవడంతో చదువు ఆపేసి ఇంటికి వచ్చేశాను. అమ్మ నన్ను తీసుకెళ్ళి తమ్ముడికి అప్పగించింది. దుకాణం కాగితాల్లో పనివాడిగా నా పేరు కూడా రాయించాక గానీ మామూ నన్ను వెనక గదిలోకి అడుగు పెట్టనివ్వలేదు. చెప్పొద్దూ, మొదట్లో ఆ పని నాకు రుచించలేదు. తెల్లవారుజామున పవిత్రమైన వాక్యాలు చదివిన నోటితో, పుట తిప్పిన వేళ్ళతో పగలంతా తుపాకులు పట్టుకోవడమేమిటని లోపల ఒకటే మథనం. ఉండబట్టలేక మా పేట మసీదు ఇమాము గారిని, మేమంతా హజ్రత్ అని పిలిచే పెద్దాయన్ని, ఒకరోజు అడిగేశాను. ఆయన గడ్డం నిమురుకుంటూ, మీ మామూ తుపాకులు కాల్చడు కదరా, కడుగుతాడు, కడిగేవాడికి పాపమేమిటి అని నవ్వి, ఆ వెంటనే నవ్వు ఆపి ఇంకో మాట అన్నారు. ఎవరైనా నమ్మి నీ చేతిలో పెట్టిన వస్తువు అమానత్, ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే తిరిగి అప్పజెప్పావా లేదా అన్నదే నీకు పరీక్ష, మిగతా సంగతి లైసెన్సు ఇచ్చినవాళ్ళూ తీసుకున్నవాళ్ళూ చూసుకుంటారు అన్నారు. ఆ మాటతో నా మనసు కుదుటపడింది. ఇక పని నేర్చుకోవడం మిగిలింది.

మామూ బడి మొహం చూసినవాడు కాదు. కానీ ఆయన రైఫిల్ గొట్టం కడుగుతుంటే చూడాలి. మేం నమాజుకు ముందు వుజూ చేస్తాం, చేతులు, నోరు, ముఖం, మోచేతులు, తల, పాదాలు అని దానికొక వరస ఉంటుంది, వరస తప్పకూడదు, నీళ్ళు వృథా పోకూడదు. మామూ పనిలో నాకు ఆ వరసే కనిపించేది. తూటా లేదని రెండుసార్లు చూసుకునేవాడు. గొట్టం వెనక నోటిని మూసే బోల్టు ఊడదీసి పక్కన పెట్టేవాడు. రైఫిల్‌ను చెక్క గుంజల మీద మూతి ఒక వేలెడు కిందికి వాలేలా పడుకోబెట్టేవాడు, లేకపోతే నూనె వెనక్కి జారి కర్రపిడిని నానబెట్టి కుళ్ళబెడుతుందని. బోల్టు ఊడిన ఖాళీలో, తాను స్వయంగా లేతు మీద చెక్కించుకున్న టేకు బిరడా ఒకటి బిగించేవాడు. ఆ బిరడాకు సరిగ్గా నడిమధ్య ఒక రంధ్రం ఉంటుంది, ఇత్తడి కడ్డీ దాంట్లోంచే లోపలికి వెళ్ళాలి. అలా వెళ్తే కడ్డీ అటూ ఇటూ ఊగదు, గొట్టం గోడలకు రాసుకోదు. వెనక నుంచి మూతి వైపే తొయ్యాలి, మూతి నుంచి వెనక్కి ఎన్నడూ కాదు. మూతి బయటికి వచ్చిన మురికి గుడ్డను అక్కడే తీసేసి, ఒట్టి కడ్డీని మెల్లగా వెనక్కి లాగి, లాగిన ప్రతిసారీ దాన్ని తుడవాలి. ఇబ్రహీంపట్నం బొగ్గు కరెంటు ఫ్యాక్టరీ వైపు నుంచి వచ్చే కాపలాదారుల తుపాకుల్లో కంటికి కనపడనంత సన్నటి బూడిద దుమ్ము ఉండేది. ఆ దుమ్ము కడ్డీకి అంటుకుని లోపలికి పోయిందంటే ఆకురాయి పెట్టి రుద్దినట్టేనని మామూ హెచ్చరించేవాడు.

రైఫిల్ గొట్టం లోపల మెలి తిరిగిన సన్నటి గాడులు ఉంటాయి, తూటాను తిప్పి సూటిగా పంపేవి అవే. తూటా చివరిసారిగా తాకేది మూతి అంచును. ఆ అంచు ఒకవైపు వెంట్రుకవాసి అరిగినా గురి పక్కకు పోతుంది. కొందరు కడ్డీ లేక, తాడుకు గుడ్డ ముడేసి గొట్టంలోంచి బరబరా లాగేవాళ్ళు. బావి గట్టు రాయి మీద చేంతాడు కోసిన గాడులు మనమంతా చూసినవే, ఏళ్ళ తరబడి ఏటవాలుగా లాగితే ఆ తాడు ఇనుప మూతిని కూడా అలాగే కోస్తుంది. అలా కోసుకుపోయిన తుపాకీ ఎదురైనప్పుడల్లా మామూ దాన్ని నా చేతికిచ్చి మూతి అంచు మీద వేలు పెట్టించి తిప్పించేవాడు. కాల్చి పాడైన తుపాకుల్ని నా జన్మలో పది కూడా చూడలేదురా, కడిగి పాడైనవి మాత్రం గది నిండా చూశాను అనేవాడు. అప్పట్లో అది నాకు పెద్దవాళ్ళ చాదస్తంలా అనిపించేది.

కంకిపాడు నుంచి ఒక రైతుగారు వచ్చేవారు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, అరవై దాటిన మనిషి, ఎప్పుడొచ్చినా సంచిలో కూర అరటికాయలు తెచ్చి బల్ల మీద పెట్టేవారు. ఆయన దగ్గర వాళ్ళ నాన్న కాలం నాటి రైఫిల్ ఒకటుండేది. లంక పొలాల్లోకి పందులు దిగిన రోజుల్లో ఆ పెద్దాయన దానితో ఏటి అవతలి గట్టు మీది తాటికాయను కొట్టేవారట. ఆ కథ నిజమో కాదో గానీ, మామూ మాత్రం ఆ గొట్టం లోపల చూసి, ఇంత శుభ్రంగా ఉంచుకున్న వస్తువు జిల్లాలో ఇంకోటి లేదని ఒప్పుకునేవాడు. తండ్రి మీద ప్రేమో ఏమో, రైతుగారు ఆ రైఫిల్‌ను మా నాన్న అనే పిలిచేవారు. జమ చేసేటప్పుడు కూడా, "సాయిబు గారూ, మా నాన్నను మీ చేతుల్లో పెడుతున్నా, జాగ్రత్త," అని నవ్వుతూనే అన్నా, గుమ్మం దాటేముందు వెనక్కి తిరిగి ఒకసారి చూసుకునేవారు.

నేను చేరిన రెండో ఏడు ఎన్నికలు జరిగాయి. దుకాణం వెనక గది తుపాకులతో నిండిపోయింది, గోడకు చేరవేసిన వాటికి చీటీలు కట్టి, దారాలు కట్టి, కదలడానికి చోటు లేదు. ఎన్నికలు అయిపోయి జనం తిరిగి తీసుకెళ్ళడం మొదలుపెట్టిన వారంలోనే దుకాణం లైసెన్సు కాగితాల పని మీద మామూ హైదరాబాదు వెళ్ళాల్సి వచ్చింది. వెళ్తూ, మిగతావన్నీ పైపైన తుడిచి నూనె పెట్టమనీ, కంకిపాడు రైఫిల్ జోలికి మాత్రం వెళ్ళొద్దనీ, శుక్రవారం పొద్దున్న వచ్చాక తానే చూస్తాననీ చెప్పాడు. సరేనన్నాను. సరేనన్న మాట నోటితోనే అన్నానని ఇప్పుడు రాస్తుంటే అర్థమవుతోంది. మామూ వచ్చేసరికి ఆ రైఫిల్ అద్దంలా కడిగి పెట్టి ఉంటే, ఇక నీకు నేర్పేదేం లేదురా అంటాడని నాకు ఆశ. ఏడేళ్ళు చదివినవాణ్ణి, రెండేళ్ళు చూసినవాణ్ణి, ఇంకా పైపైన తుడిచే పనేనా అని కొంచెం పౌరుషం కూడా.

గురువారం మధ్యాహ్నం నమాజు చదివొచ్చి తలుపు దగ్గరగా వేసి కూర్చున్నాను. మామూ ఎప్పుడూ వాడేది తన పాత బనీన్ల గుడ్డే. అది చూస్తే నాకు మనసొప్పేది కాదు. శుచీ అశుచీ గురించి ఏళ్ళ తరబడి పాఠాలు చదువుకున్న బుర్ర నాది. ఒకరు నమ్మి ఇచ్చిన అమానత్‌ను, అందులోనూ నాన్న అని పిలుచుకునే వస్తువును, చెమట పీల్చిన బనీను గుడ్డతో తుడవడమేమిటి, దీనికి పాక్‌గా ఉన్న గుడ్డ కావాలి అనుకున్నాను. మా ఎదుటి దుకాణంలో జాకెట్లు కుట్టే టైలరమ్మ అడగ్గానే సంచెడు పేలికలు ఇచ్చింది. అన్నీ కొత్తవి, మంగళగిరి నేత, తెల్లగా మల్లెపువ్వుల్లా ఉన్నాయి. అందులోంచి ఏరి, చతురస్రాలుగా కత్తిరించి, మామూ చేసినట్టే అన్నీ వరసగా చేశాను. బోల్టు తీశాను, మూతి వాల్చాను, బిరడా బిగించాను, వెనక నుంచే తోశాను. కొత్త గుడ్డ కావడంతో బిగుతుగా వెళ్ళింది, కొంచెం బలం వాడాల్సి వచ్చింది. ఏడెనిమిది గుడ్డలు తోశాక, మూతి ముందు తెల్ల కాగితం పెట్టి, వెనక నుంచి కన్ను పెట్టి చూశాను.

గొట్టం లోపల, మూతికి జానెడు ఇవతల, గాడి వెంబడే సన్నగా మెరుస్తూ ఒక గీత.

కాగితం జరిపి చూశాను, కిటికీ తెరిచి చూశాను, ఉంది. ఇంకో గుడ్డ తోసి చూశాను, ఇంకా నిగనిగలాడుతూ ఉంది. ఇనుము గీసుకుపోతే లోపలి కొత్త లోహం ఎలా మెరుస్తుందో అలాగే ఉంది. కడ్డీకి ఏ ఇసుక రేణువు అంటుకుందో, ఎక్కడ ఎక్కువ బలం పెట్టానో, రెండు తరాలు మచ్చ లేకుండా కాపాడుకున్న గొట్టాన్ని ఒక్క మధ్యాహ్నంలో నాశనం చేశానని నాకు రూఢి అయిపోయింది. మామూ ముఖం, రైతుగారి తువ్వాలు, గుమ్మం దగ్గర ఆయన వెనక్కి తిరిగి చూసే చూపు, అన్నీ ఒకేసారి కళ్ళ ముందుకు వచ్చాయి. ఇంతకాలం ఆ దుకాణానికి ఉన్న నమ్మకం నా వల్ల పోతుందేమోనన్న భయం అన్నిటికంటే ఎక్కువైంది.

అప్పుడు నా కన్ను పనిబల్ల మీది ఉప్పుకాగితం మీద పడింది. కర్రపిడులు నునుపు చేయడానికి మామూ వాడే సన్నరకం కాగితం. గీత వెంట్రుకంత ఉంది కదా, కడ్డీకి ఈ కాగితం చుట్టి నాలుగుసార్లు మెల్లగా ఆడిస్తే చుట్టూ సమానమైపోతుంది, గీత మాయమవుతుంది, ఎవరికీ తెలియదు అనిపించింది. ఆ ఆలోచన ఎంత తీయగా వచ్చిందో చెప్పలేను, దాహంతో ఉన్నవాడికి నీళ్ళు కనిపించినట్టే ఉంది. కాగితం చించాను, కడ్డీ చివర చుట్టాను, దారంతో కట్టాను. కాగితం చుట్టిన కడ్డీ రంధ్రంలో పట్టకపోతే టేకు బిరడాను కూడా ఊడదీసి పక్కన పెట్టేశాను. కడ్డీ కొన గొట్టం వెనక నోటి దగ్గర ఆనించాను కూడా.

సరిగ్గా అప్పుడే వీధి చివరి మసీదు నుంచి అసర్ అజాన్, సాయంకాలపు నమాజు పిలుపు, వినిపించింది.

ఇందులో నా గొప్పతనం ఏమీ లేదు. అజాన్ వినపడగానే చేతిలో ఉన్నది కింద పెట్టి లేవడం చిన్నప్పటి నుంచి కాళ్ళకు అలవాటు, ఆ అలవాటే నన్ను లేపింది. తలుపు తాళం వేసుకుని మసీదుకు వెళ్ళి కుళాయి దగ్గర కూర్చున్నాను. వేళ్ళ సందుల్లో నూనె మురికి, ఎంత కడిగినా వదలదు. కడుగుతూ కడుగుతూ, ఈ చేతుల్ని ఇంత ఓపికగా కడుక్కుంటున్నవాణ్ణి అక్కడ ఏం చేయబోయానో చూసుకున్నాను. వరసలో నిలబడితే అటొక భుజం, ఇటొక భుజం, ఎవరో కూరగాయలాయన, ఎవరో రిక్షా ఆయన, వాళ్ళ మధ్య నాకు దాక్కోవడానికి చోటు దొరకలేదు. సజ్దాలో నుదురు నేలకు ఆనించినప్పుడు, గీత నువ్వు తెలియక వేశావు, ఈ రెండోది మాత్రం తెలిసి చేస్తున్నావు అన్న మాట ఒక్కటే లోపల మోగింది. తిరిగి వచ్చి కాగితం విప్పేసి, బోల్టు విడిగా ఉంచి, రైఫిల్‌ను దుప్పటిలో చుట్టి పెట్టాను. ఆ రాత్రి సంగతి రాయను, మీకే తెలుస్తుంది.

మామూ శుక్రవారం పదకొండు గంటలకు గానీ రాడు. రైతుగారు మాత్రం పదింటికే అరటికాయల సంచితో దిగారు.

"ఏమయ్యా, మీ మామయ్య ఇంకా రాలేదా? మా నాన్న ఎలా ఉన్నాడు?" అన్నారు చెప్పులు విడుస్తూ.

రాత్రంతా కూడబలుక్కున్న మాటలన్నీ పోయి, ఉన్నదే బయటికి వచ్చింది. "మీ రైఫిల్ లోపల గీత పడిందండీ. నేనే గీశాను. మామూ ముట్టుకోవద్దన్నా వినకుండా తుడిచానండీ."

ఆయన ముఖంలో నవ్వు అలాగే ఆగిపోయింది. ఎంత గీత అని అడిగారు, వేలెడని చూపించాను. బల్ల మీద కూర్చుని తువ్వాలుతో ముఖం తుడుచుకుని, మామూ వచ్చేదాకా ఉంటానన్నారు. టీ తెప్పించనా అంటే నోటికి సయించదన్నారు. గంటసేపు ఆయన వీధిలోకి చూస్తూ, నేను నేల వైపు చూస్తూ కూర్చున్నాం. ఎదుటి దుకాణంలో టైలరమ్మ మిషన్ తొక్కుతోంది. ఆఖరికి ఆయనే అడిగారు.

"నువ్వు చెప్పకుండా చుట్టి ఇచ్చేస్తే నాకేం తెలిసేదయ్యా?"

"తెలిసేది కాదండీ."

"మరి?"

"మీది కదండీ," అన్నాను. ఏడేళ్ళు చదివినవాడికి అంతకంటే మంచి జవాబు తోచలేదు.

మామూ రైలు దిగి, దుమ్ముకొట్టుకుపోయి, చేతిసంచితో వచ్చాడు. మా ఇద్దరి ముఖాలు చూసి ఏమైందని అడిగాడు, చెప్పాను. తిడతాడని భుజాలు బిగించుకున్నాను. కాళ్ళూ చేతులూ కడుక్కుని, కళ్ళజోడు పెట్టుకుని, మూతి ముందు తెల్ల కాగితం పెట్టి చూశాడు. చూశాడు, చూస్తూనే ఉన్నాడు. తర్వాత తల ఎత్తకుండానే, ఏ గుడ్డ వాడావని అడిగాడు.

"కొత్తదే మామూ, టైలరమ్మ ఇచ్చింది. పాక్‌గా ఉంటుందని..."

"తే."

సంచి తెచ్చిచ్చాను. ఒక్కో పేలికా తీసి వెలుగుకు పట్టి చూస్తూ, నాలుగో దాని దగ్గర ఆగాడు. చీర అంచు తగిలిన ముక్క అది. దాని చివర, వెంట్రుకలా సన్నగా, పసుపుపచ్చగా ఏదో తళుక్కుమంది. మామూ బిరడా బిగించి, ఇత్తడి తీగల కుచ్చును కిరసనాయిల్లో ముంచి మెల్లగా నాలుగుసార్లు తోసి, కాసేపు నాననిచ్చి, తన పాత బనీను గుడ్డ ముక్కను కడ్డీకి తగిలించి వెనక నుంచి తోశాడు. నల్లబడి మూతి బయటికి వచ్చిన ఆ గుడ్డ మీద, మెలి తిరిగి, ముడుచుకుని, ఒక జరీ పోగు. గాడి మూలలో నూనెకు అంటుకుని, పొడి గుడ్డలు ఎన్ని తోసినా అలాగే పడుకుని నన్ను ఇరవై గంటలు చంపింది ఇదే. ఇంకోసారి కన్ను పెట్టి చూసి, పోగును రెండు వేళ్ళతో తీసి రైతుగారి అరచేతిలో పెట్టాడు మామూ.

"ఇదిగోండి, మావాడు వేసిన గీత."

రైతుగారు దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశారు. చూస్తూ చూస్తూ ఆయన పొట్ట కదలడం మొదలైంది. "ఒరి నీ దుంప తెగ! మా నాన్నకు జరీ చీర కట్టావటయ్యా!" అని ఆయన నవ్వినంత నవ్వుకు టైలరమ్మ మిషన్ ఆపి తొంగి చూసింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. తువ్వాలుతో కళ్ళు ఒత్తుకుని, "ఇప్పుడు చెప్పు టీ," అన్నారాయన.

ఆయన వెళ్ళిపోయాక మామూకు ఉప్పుకాగితం సంగతి కూడా చెప్పాను. చెప్పకపోతే సగమే చెప్పినట్టు. అప్పటిదాకా నవ్వుతున్నవాడి ముఖం ఒక్కసారిగా పాలిపోయింది. ఆ కాగితం ముక్క తెమ్మని, దాన్ని బొటనవేలితో తడిమాడు. "లేని గీతను తుడవబోయి గొట్టమంతా అరగదీసి ఉండేవాడివిరా. పోగు నేను తీశాను. ఆ అరుగుదలనైతే ఎవడు తీస్తాడు?" అన్నాడు మెల్లగా. ఆ తర్వాత, అజాన్ ఇచ్చిన ముఅజ్జిన్‌కు ఈ పూట బిర్యానీ పెట్టించాలి పద అని లేచాడు. ఇద్దరం జుమాకు వెళ్ళాం. ఆ రోజు సజ్దా నుంచి తల ఎత్తడానికి నాకు మనసు రాలేదు. చేసిన తప్పుకు క్షమాపణ, జరగని తప్పుకు కృతజ్ఞత, రెండూ ఒకే నుదుటితో చెప్పుకోవడం నాకు అదే మొదటిసారి.

కొత్త గుడ్డ పాక్‌గా ఉంటుంది గానీ మెత్తగా ఉండదురా, వంద ఉతుకులు తిన్న గుడ్డకే గొట్టం లోపల నడవడం తెలుస్తుంది అని మామూ ఆ సాయంత్రం చెప్పాడు. ఆ తర్వాత పన్నెండేళ్ళు ఆ బల్ల దగ్గరే పనిచేశాను, నా బనీన్లు కూడా ఆ పనికే ఖర్చయ్యాయి. మా ఆవిడ పెళ్ళైన కొత్తలో, చిరిగిన బనీను కూడా పారేయనివ్వని మనిషి దొరికాడని పుట్టింట్లో చెప్పుకుని నవ్వింది. రైతుగారు ఎన్నికలు వచ్చినప్పుడల్లా వచ్చేవారు. దుప్పటి విప్పుతూనే, "ఈసారి ఏం చీర పెట్టావయ్యా?" అని అడగడం, మామూ లోపలి నుంచి, "ఈసారి పంచేనండీ, మగాడు కదా," అని బదులివ్వడం ఒక ఆనవాయితీగా మారిపోయింది. ఆ ఏడు నుంచే కంకిపాడు రైఫిల్ కడిగే పని మామూ నాకే అప్పగించాడు.

మామూ పోయాక దుకాణం లైసెన్సు కూడా ఆగిపోయింది. ఇప్పుడక్కడ ఫోన్లకు తొడుగులు అమ్ముతున్నారు, గాజు బీరువా మాత్రం అదే. నేను మసీదులో సాయంత్రాలు పిల్లలకు చదువు చెప్పుకుంటూ స్థిరపడ్డాను. కిందటేడు కంకిపాడు నుంచి రైతుగారి అబ్బాయి, అతనికీ యాభై దాటాయి, వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చాడు. నాన్నగారు పోయారనీ, లైసెన్సు మార్పించుకునే ఓపిక లేక రైఫిల్‌ను ఠాణాలో శాశ్వతంగా ఇచ్చేశామనీ, చివరి రోజుల్లో కూడా చూడవచ్చినవాళ్ళకు ఆ జరీ చీర కథ చెప్పి నవ్వించేవారనీ చెప్పాడు. ఆ పోగు ఆయన పాత కళ్ళజోడు పెట్టెలో దొరికిందట. ఇచ్చేముందు గొట్టానికి నూనె పెట్టారా అని అడిగాను. అతను కాస్త తడబడి, రసీదు మాత్రం జాగ్రత్తగా ఉందండీ అన్నాడు.

అతన్ని తప్పు పట్టను. ఇప్పుడు వస్తువు ఇస్తాం, కాగితం తీసుకుంటాం, అక్కడితో మన బాధ్యత తీరిపోతుంది. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చూసేవాళ్ళూ తగ్గారు, ఆ చూపును మోసుకుంటూ ఇరవై గంటలు కూర్చునేవాళ్ళూ తగ్గారు. మామూ టేకు బిరడా మా ఇంట్లో కిటికీ గట్టు మీద ఉంటుంది, దేనికీ పనికిరాదు. మొన్న పేపరు మడిచి పక్కన పెట్టి, అన్నానికి లేచేముందు దాన్ని చేతిలోకి తీసుకుని, ఆ రంధ్రంలోంచి వీధి వెలుగు వైపు ఒకసారి చూశాను. లోపల గీత ఏమీ లేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా, అమ్మయ్య అనిపించింది.